సోమాలీ దుబాసీల సేవ: డాక్టర్ హవా అబ్ది మా ఓపీ గదిలోకి వచ్చిన వైనం

టోలిచౌకి దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను వారానికి నాలుగు సాయంత్రాలు స్త్రీల వైద్యురాలిగా కూర్చుంటాను. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఇక్కడికి వచ్చాను. పారామౌంట్ కాలనీ మాకు నడిచి వెళ్లేంత దూరం. చదువుల కోసమూ వైద్యం కోసమూ వచ్చిన సోమాలీలు, సూడానీలు, యెమెనీలు ఆ వీధుల్లో ఎన్నో ఏళ్లుగా ఉంటున్న సంగతి నగరంలో చాలామందికి తెలిసిందే. అందువల్ల మా ఓపీకి నెలకు ఐదారుగురు సోమాలీ స్త్రీలు వస్తూ ఉంటారు. వారిలో ఇంగ్లీషు వచ్చినవారు తక్కువ, ఉర్దూ వచ్చినవారు ఇంకా తక్కువ, తెలుగు సంగతి చెప్పనవసరమే లేదు. వారి కోసం మేము పిలిపించుకునే సోమాలీ దుబాసీల సేవ గురించి, ఏడాదిన్నర అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. నగరంలోని తోటి వైద్యులకూ నర్సులకూ ఇది ఉపయోగపడాలన్నది నా కోరిక.

ఈ సేవకు బోర్డు లేదు, పేరు కూడా లేదు. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు, రెండు ఫోన్లు, అంతే. ఒక నర్సింగ్ హోమ్ నుంచి మరొక నర్సింగ్ హోమ్‌కు ఆ ఫోన్ నంబరు చేతులు మారుతూ వస్తుంది. రెండు గంటలకు 800 రూపాయలు తీసుకుంటారు, ఆపైన ప్రతి అరగంటకు 150. ఆటో ఖర్చు వేరుగా అడగరు. డబ్బు రోగి బంధువుల దగ్గర కాక నర్సింగ్ హోమ్ దగ్గరే తీసుకోవాలన్నది వారి నియమం. అది నాకు నచ్చింది, ఎందుకంటే డబ్బిచ్చిన వాళ్ల వైపు మొగ్గే దుబాసీ వల్ల రోగికి మేలు జరగదు.

వీరు రాకముందు మా దగ్గర దుబాసీ పని రోగి వెంట వచ్చిన పిల్లలే చేసేవారు. తల్లికి జరుగుతున్న రక్తస్రావం గురించి పదిహేనేళ్ల కొడుకు నోట వినవలసి వచ్చిన సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. ఆ తల్లి సగం చెప్పేది, ఆ పిల్లవాడు అందులో సగం చెప్పేవాడు, మిగిలిన పావు వంతుతో నేను మందు రాసేదాన్ని. అటువంటి వైద్యం చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఈ సేవలోని మంచీ చెడూ రెండూ నాకు ఒకే కేసులో బోధపడ్డాయి. ఆమె అనుమతితోనే, ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా చెబుతున్నాను. గత వర్షాకాలంలో యాభై దాటిన ఒక స్త్రీ సోమాలియా రాజధాని మొగదిషు దగ్గరి అఫ్గోయె ప్రాంతం నుంచి మెడికల్ వీసా మీద వచ్చారు. ముట్లుడిగిన మూడేళ్లకు మళ్లీ రక్తం కనిపించింది. ఆ వయసులో అలా కనిపిస్తే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ లేదని రూఢి చేసుకునేదాకా ఏ వైద్యురాలూ నిశ్చింతగా ఉండకూడదు. పరీక్ష చేయాలి, స్కానింగ్ తీయాలి, ముక్క తీసి పంపాలి. మేము స్త్రీ దుబాసీని అడిగాము. ఆ రోజు ఆమెకు జ్వరమని ఒక యువకుణ్ణి పంపారు. మర్యాదస్తుడు, ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు. పరీక్ష సంగతి అతని ద్వారా అడిగించాను. ఆమె నా ముఖం వైపు చూస్తూ దాదాపు మూడు నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. అతను తల దించుకుని, "పరీక్ష వద్దంటున్నారు మేడమ్" అన్నాడు.

"ఇంకా చాలా చెప్పారు కదా బాబూ" అన్నాను.

"అది వాళ్ల ఊరి డాక్టర్ గురించి మేడమ్. దీనికి సంబంధం లేదు."

ఆమె లేచి వెళ్లిపోయారు. అతని తప్పని నేను అనను. అటువంటి మాటలు ఒక పెద్దామె ముందు పలకడానికి అతనికి సిగ్గు అడ్డొచ్చింది. స్త్రీల ఓపీకి పురుషుణ్ణి పంపడం మాత్రం ఆ సేవ చేసిన పొరపాటు, ఒప్పుకోవడం నా పొరపాటు.

రెండు రోజుల తరువాత స్త్రీ దుబాసీ వచ్చారు. హైదరాబాదీని పెళ్లి చేసుకుని పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్న సోమాలీ ఆమె. దక్కనీ ఉర్దూ ధారాళంగా, తెలుగు కొంచెం తడుముకుంటూ మాట్లాడతారు. ఆమె చేసిన మొదటి పని కుర్చీ జరుపుకోవడం. మా ఇద్దరి మధ్య కాకుండా రోగి భుజం వెనకగా, కాస్త పక్కకు కూర్చున్నారు, అంటే రోగికి నేను కనబడాలి, నాకు రోగి కనబడాలి. తరువాత, "మేడమ్, ఆవిడ మాటను నేను 'నేను' అనే చెబుతాను. మీ మాట కూడా అంతే. మధ్యలో నా సొంత మాట ఏదైనా ఉంటే చెయ్యి ఎత్తి చెబుతాను" అన్నారు. అప్పుడు ఆ మూడు నిమిషాల మాట మళ్లీ మొదలైంది. ఈసారి ఇలా నాకు అందింది.

"మీరు నన్ను చూసే ముందు ఒక మాట అడుగుతాను. చిన్నప్పుడు నన్ను కోసి కుట్టారు. అటువంటి ఆడమనిషిని మీరెప్పుడైనా చూశారా? నా చివరి రెండు కాన్పులు డాక్టర్ హవా ఆసుపత్రిలో అయ్యాయి. అక్కడ నేను దేన్నీ వివరించి చెప్పుకోవలసిన పని పడలేదు. ఇక్కడ మీరు నన్ను చూసి ఉలిక్కిపడితే నేను ఓర్చుకోలేను."

ఇద్దరిని చూశానని, ఉలిక్కిపడనని చెప్పాను. నొప్పి అనిపించి చెయ్యి ఎత్తగానే ఆపేస్తానని కూడా చెప్పాను. ఆమె బల్ల ఎక్కారు. ఆ రోజు వాడిన పరికరం మా దగ్గర ఉన్నవాటిలో అన్నింటికన్నా సన్ననిది. పరీక్షకు పట్టిన సమయం మామూలు కన్నా మూడింతలు. 2020లో వెలువడిన సోమాలియా ఆరోగ్య, జనాభా సర్వే ప్రకారం అక్కడ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 99 శాతం మందికి చిన్నతనంలోనే జననాంగాల కోత జరిగింది. మా ఓపీకి వచ్చే ప్రతి సోమాలీ స్త్రీ మనసులోనూ ఈ ప్రశ్న ఉండే ఉంటుంది. దుబాసీ దాన్ని సంబంధం లేని మాటగా తీసి పక్కన పెడితే మా వైద్యం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇంతకీ ఆ డాక్టర్ హవా ఎవరు? పరీక్ష అయ్యాక టీ తెప్పించి ఆ మాట అడిగాను. మిగిలిన గంటసేపు ఆ ముగ్గురు స్త్రీల కథే నడిచింది: చెప్పిన ఆమె, చేరవేసిన ఆమె, అక్కడ లేని డాక్టర్. తరువాత నేను స్వయంగా చదివి సరిచూసుకున్న విషయాలను కూడా ఇక్కడ కలిపి రాస్తున్నాను.

పేరు గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే మా రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో రోజూ జరిగే పొరపాటు అదే. డాక్టర్ హవా పూర్తి పేరు హవా అబ్ది ధిబ్లావె. సోమాలీలకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా ఉంటాయి. పెళ్లయినా ఆడపిల్ల పేరు మారదు. కాబట్టి "డాక్టర్ అబ్ది" అంటే ఆమె తండ్రిని పిలిచినట్టు. ఆమెను అందరూ డాక్టర్ హవా అనో మామా హవా అనో పిలిచేవారు. ఈ సంగతి దుబాసీ వివరించాక మా కౌంటర్‌లోని అమ్మాయి సోమాలీ రోగుల కార్డుల మీద మూడు పేర్లూ విడివిడిగా రాస్తోంది. భర్త పేరు వేరే గడిలో వేస్తోంది. ఒకే ఇంటి తల్లీకూతుళ్ల రిపోర్టులు తారుమారు కావడం దానితో తగ్గిపోయింది.

హవా అబ్ది 1947లో మొగదిషులో పుట్టారు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు గర్భానికి సంబంధించిన ఇబ్బందులతో తల్లి చనిపోయింది. నలుగురు చెల్లెళ్ల పెంపకం, ఇంటి చాకిరీ ఆ పిల్ల మీద పడ్డాయి. తల్లిని కాపాడలేకపోయిన చోటు నుంచే వైద్యం చదవాలన్న పట్టుదల పుట్టింది. తండ్రి చదువుకున్నవాడు, ఓడరేవులో ఉద్యోగి, కూతురి చదువుకు అడ్డు చెప్పలేదు. 1964లో సోవియట్ యూనియన్‌లోని మహిళా సంఘం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆమె కీవ్ వెళ్లి, 1971లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. కీవ్ పేరు వినగానే నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. ఎంబీబీఎస్ కోసం పిల్లలను ఉక్రెయిన్ పంపి, 2022లో యుద్ధం మొదలయ్యాక రాత్రింబవళ్లు ఫోన్ల దగ్గర కూర్చున్న తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఎంతమందో. వాళ్లకన్నా అర్ధ శతాబ్దానికి పైగా ముందు, తల్లి లేని ఒక సోమాలీ పిల్ల పదిహేడేళ్ల వయసులో ఆ చలిలోకి, ఆ కొత్త భాషలోకి వెళ్లింది.

తిరిగి వచ్చాక ఆమె సోమాలియా తొలితరం స్త్రీ గైనకాలజిస్టులలో ఒకరయ్యారు. అంతటితో ఆగలేదు. 1972లో సోమాలీ జాతీయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం మొదలుపెట్టారు. పొద్దున ఆసుపత్రి, మిగిలిన వేళల్లో లా పుస్తకాలు, 1979లో పట్టా. ఒక గైనకాలజిస్టుకు న్యాయశాస్త్రం ఎందుకని చాలామందికి అనిపించవచ్చు. ముప్ఫై ఏళ్లు ప్రసూతి వార్డుల్లో ఉన్న నాకు అలా అనిపించలేదు. కాన్పు గది తలుపు దగ్గర సంతకం ఎవరు పెట్టాలి, భర్త వదిలేస్తే బిడ్డ ఎవరిది, తండ్రి భూమిలో ఆడపిల్లకు వాటా ఉందా, ఇవన్నీ మాకు కేస్ షీట్ పక్కనే వచ్చే ప్రశ్నలు. సోమాలియాలో 1975లో వచ్చిన కుటుంబ చట్టం స్త్రీలకు వారసత్వంలో సమాన హక్కు ఇచ్చింది. ఆమె న్యాయశాస్త్రం చదువుతున్న రోజులవే.

1983లో దిగువ షబెల్లె ప్రాంతంలో, మొగదిషు నుంచి అఫ్గోయె వెళ్లే దారి దగ్గర, కుటుంబానికి ఉన్న భూమిలో ఒకే ఒక గదితో ఆమె క్లినిక్ తెరిచారు. రోజుకు ఇరవై నాలుగు మంది దాకా పల్లెటూరి స్త్రీలు వచ్చేవారు. డబ్బు తీసుకునేవారు కారు. ఇరవై నాలుగు అన్న అంకె మన ప్రభుత్వ ఓపీలు చూసినవారికి చిన్నదిగా తోస్తుంది. మన దగ్గర ఒక్క ఉదయానికి వందలమంది వస్తారు, నిజమే. కానీ నా వెనక హౌస్ సర్జన్లు ఉండేవారు, ల్యాబ్ ఉండేది, రక్తనిధి ఉండేది, చేయి దాటిన కేసును పంపడానికి ఇంకా పెద్ద ఆసుపత్రి ఉండేది. ఒక గదిలో ఒక్క డాక్టరు, ఎదురుగా అడ్డం తిరిగిన బిడ్డతో ఎక్కడినుంచో వచ్చిన తల్లి ఉన్నప్పుడు ఇరవై నాలుగు చాలా పెద్ద అంకె. ఆ గదే పెరిగి పెరిగి 400 పడకల ఆసుపత్రి అయింది. సోమాలియాలో ఈనాటికీ తల్లుల మరణాలు ఎక్కువ. నేను చెప్పిన 2020 సర్వేలో లక్ష సజీవ జననాలకు 692 మంది అని ఉంది, 2018-20 లెక్కల్లో తెలంగాణలో అది 43. ఆ తేడా తెలిసినవారికి ఆ గది విలువ వేరే చెప్పనక్కరలేదు.

1991 జనవరిలో సైనిక పాలకుడు సియాద్ బారె ప్రభుత్వం కూలిపోయి అంతర్యుద్ధం చెలరేగినప్పుడు, వెళ్లగలిగిన వైద్యులు చాలామంది దేశం విడిచి వెళ్లారు. హవా అబ్ది వెళ్లలేదు. నీ చదువు దిక్కులేనివాళ్లకు అక్కరకు రావాలని ఆమె అమ్మమ్మ చెప్పిన మాట మీద నిలబడ్డారు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారు ఆసుపత్రి చుట్టూ చెట్ల కింద చేరడం మొదలుపెట్టారు. రోగి తెచ్చుకున్న కుటుంబం, ఆ కుటుంబం వెంట వచ్చిన ఊరు, అలా ఆసుపత్రి కాస్తా ఒక ఊరైంది.

మా రోగి అక్కడికి చేరింది 2007లో. ఇథియోపియా సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య మొగదిషులో ఘోరమైన పోరు నడిచిన ఏడాది అది. ఇద్దరు పిల్లలతో, ఒక నీళ్ల డబ్బాతో కాలినడకన వచ్చానని చెప్పారు. "వచ్చిన రోజు మమ్మల్ని ఎవరూ అద్దె అడగలేదు, నీళ్లకు డబ్బు అడగలేదు. రెండు మాటలు మాత్రం చెప్పారు" అన్నారు. ఆ రెండూ హవా అబ్ది శిబిరానికి పేరు తెచ్చిన నియమాలు. ఇక్కడ ఎవరూ తన వంశం పేరు ఎత్తి వేరుగా ఉండకూడదు. ఇక్కడ ఏ మగవాడూ భార్య మీద చెయ్యి చేసుకోకూడదు.

మొదటి నియమం దగ్గర దుబాసీ చెయ్యి ఎత్తారు. రోగి వాడిన మాట "కబీల్". దుబాసీ ముందు "కులం" అని, వెంటనే, "కాదు మేడమ్, ఇది నా సొంత మాట. కులం అంటే మీరు వేరే అర్థం చేసుకుంటారు. ఇది తండ్రి, తాత, ముత్తాత, అలా పైకి పోయే వరుస. మా పిల్లలకు ఆ పేర్లన్నీ కంఠతా నేర్పుతారు" అన్నారు. గోత్రం లాంటిదా అని అడిగాను. ఆ మాట ఆమెకు తెలియదు. అయిదు నిమిషాలు ఇద్దరం దాని మీదే కూర్చున్నాము, రోగి ఓపిగ్గా టీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నారు. చివరకు "తండ్రి వైపు వంశం" అన్న దగ్గర స్థిరపడ్డాము. ఒక్క మాట కోసం అంతసేపు ఆగిన దుబాసీని నేను అంతకుముందు చూడలేదు. ఆ మాట సరిగ్గా దిగకపోతే ఆ నియమం ఎంత సాహసమైనదో నాకు అర్థమయ్యేది కాదు. ఆ దేశంలో వంశాల పేరు మీదే తుపాకులు పేలుతున్న రోజుల్లో, ఆ పేరు అడగని నేల ఒకటి ఉండటమంటే సామాన్యమైన విషయం కాదు.

రెండవ నియమం తప్పిన మగవాళ్లను ఒక స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేసేవారు. ఇది విన్నప్పుడు నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. నైట్ డ్యూటీల్లో పగిలిన కనుబొమలకు, చీలిన పెదవులకు నేను ఎన్ని కుట్లు వేశానో లెక్క లేదు. భర్త తలుపు దగ్గరే నిలబడి ఉండగా "మెట్ల మీద జారిపడ్డాను" అని ఆ తల్లి చెబితే, అదే కేస్ షీట్‌లో రాసి, ఆమెను అతని వెంటే ఇంటికి పంపాను. హవా అబ్ది దగ్గరా పోలీసులు లేరు, కోర్టు లేదు. న్యాయశాస్త్రం పట్టా, ఒక స్టోర్ రూమ్, ఒక తాళం ఉన్నాయి. ఆ మూడింటితోనే ఆమె చేసిన పనిని నేను అన్ని సౌకర్యాల మధ్య చేయలేదు.

2010 మే నెలలో హిజ్బుల్ ఇస్లాం అనే తిరుగుబాటు దళం సాయుధులు, సుమారు 750 మంది, ఆసుపత్రి మీదికి వచ్చారు. ఆడమనిషి ఇంత పెద్ద సంస్థను నడపకూడదని, అధికారం తమకు అప్పగించాలని వారి పట్టు. పరికరాలు పగలగొట్టారు, రికార్డులు చింపేశారు, ఆమెను ఇంట్లోనే నిర్బంధించారు. ఆమె కదల్లేదు. తాను వైద్యురాలినని, మీరు ఈ సమాజానికి ఏమి చేశారో చెప్పమని వారినే నిలదీశారు. శిబిరంలోని స్త్రీలు వందల సంఖ్యలో బయటికి వచ్చి నిరసన తెలిపారు. బయటి నుంచి కూడా ఒత్తిడి పెరిగింది. వారంలోపే వారు వెనక్కి తగ్గారు. పొమ్మంటే చాలదని, క్షమాపణ రాతపూర్వకంగా ఇవ్వమని ఆమె పట్టుబట్టి, రాయించుకున్నారు. నోటిమాటతో సరిపెట్టుకోకపోవడం ఆ లా చదువు ఇచ్చిన అలవాటేనని నేను అనుకుంటున్నాను.

రికార్డులు చింపేశారన్న సంగతి విని నేను అప్రయత్నంగా "అయ్యో" అన్నాను. దుబాసీ దాన్ని కూడా అనువదించారు. మా రోగి తల ఊపి, తన కాన్పు కాగితాలు కూడా అందులోనే పోయాయని చెప్పారు. ఇది నాకు వైద్యపరంగా ముఖ్యమైన విషయం. ఎన్ని కాన్పులు, ఎప్పుడెప్పుడు, ఎటువంటివి అన్నది తెలియాలి, కానీ కాగితం లేదు, తేదీలు ఆమెకు గుర్తు లేవు. ఇక్కడ ఈ సేవ విలువ మరొకసారి కనబడింది. మన పెద్దవాళ్లు "పోలీస్ యాక్షన్ అప్పటికి నేను చంకలో పిల్లను" అని చెప్పినట్టే, దుబాసీ ఆమె కాన్పులను సంఘటనలకు ముడివేసి అడిగారు. మొగదిషు విడిచి వచ్చేటప్పటికి ఎవరు నడుస్తున్నారు, ఎవరు చంకలో ఉన్నారు? తుపాకుల వాళ్లు వచ్చిన రోజున కడుపుతో ఉన్నారా? కరువు ఏడాదికి చిన్నవాడికి పళ్లు వచ్చాయా? పది నిమిషాల్లో నాలుగు కాన్పులూ, మధ్యలో పోయిన ఒక గర్భం, ఏడాదులతో సహా నా కాగితం మీదికి వచ్చాయి. ఆ చరిత్ర తెలిసిన మనిషికి తప్ప ఇది చేతకాదు.

ఆమె చెప్పిన కరువు 2011 నాటిది. ఆ ఏడాది జూలైలో ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలోని బకూల్, దిగువ షబెల్లె ప్రాంతాల్లో క్షామం వచ్చినట్టు ప్రకటించింది. 2010 చివరి నుంచి 2012 వరకు సుమారు 2,58,000 మంది చనిపోయారని, అందులో సగం మంది అయిదేళ్లు నిండని పిల్లలని తరువాత జరిగిన అధ్యయనం లెక్క కట్టింది. హవా అబ్ది ఆసుపత్రి ఉన్నది దిగువ షబెల్లెలోనే. చుట్టూ ఉన్న 1,300 ఎకరాల్లో అప్పుడు 90,000 మంది తలదాచుకున్నారు. మా రోగి చిన్న కొడుకు బతికాడు, పక్క టార్పాలిన్ కింద ఉన్న కుటుంబంలో ఇద్దరు పిల్లలు పోయారు. ఆ మాట దగ్గర దుబాసీ గొంతు కూడా ఒక క్షణం ఆగింది. తరువాత ఆమె "నేను" అనే మొదలుపెట్టి వాక్యం పూర్తి చేశారు.

వైద్యం ఒక్కటే చాలదని హవా అబ్దికి మొదటినుంచీ తెలుసు. బడి పెట్టారు, అందులో ఎనిమిది వందల మందికి పైగా చదివారు. స్త్రీలకు అక్షరాలు, ఆరోగ్య పాఠాలు నేర్పించారు, ఆడపిల్లలకు కోత వద్దని ఆ పాఠాల్లోనే చెప్పించారు. బయటినుంచి వచ్చే గింజల మీదే ఆధారపడకూడదని చేపలు పట్టే పని, సేద్యం మొదలుపెట్టించారు. మా రోగి కూతురు ఆ బడిలోనే చదువు నేర్చుకుంది. సోమాలీ భాషకు లాటిన్ లిపి అధికారికంగా వచ్చింది 1972లో, అంటే మా రోగి తరంలో చదవడం వచ్చిన పల్లెటూరి స్త్రీలు అరుదు. కాబట్టి డిశ్చార్జ్ సమయంలో సోమాలీలో రాసిచ్చిన మందుల కాగితం తల్లి కోసం కూతురే చదువుతుంది. చదవగలిగినవారు ఎవరూ లేని రోగులకు ఈ దుబాసీలు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు. ఆ రికార్డుకు అదనపు డబ్బు తీసుకోరు.

హవా అబ్దికి 2010లో గ్లామర్ అనే అమెరికన్ పత్రిక ఇద్దరు కూతుళ్లతో కలిపి ఆ ఏటి మేటి మహిళలన్న గౌరవం ఇచ్చింది. 2012లో నోబెల్ శాంతి పురస్కారానికి ఆమె పేరు ప్రతిపాదించారు. కూతుళ్లు డెకో, ఆమినా ఇద్దరూ తల్లి దారిలోనే వైద్యులై ఆమెతో కలిసి ఆ సంస్థను నడిపారు. 2020 ఆగస్టు 5న మొగదిషులో, 73 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. మా రోగికి ఆ కబురు ఫోన్‌లో చేరింది. "అప్పుడు కరోనా" అన్నారు.

సేవ సంగతికి తిరిగి వస్తాను. ఇంతవరకు చెప్పినది వైద్యానికి బయటి కథ అని ఎవరికైనా అనిపిస్తే, రెండు చిన్న విషయాలు చెబుతాను. కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగినప్పుడు మొదట వచ్చిన యువకుడు "ఆంటీకి" అని చెప్పి ఊరుకున్నాడు. స్త్రీ దుబాసీ అదే జవాబును "హబర్‌యర్" అన్న సోమాలీ మాటతో సహా నా ముందు పెట్టారు. దాని అర్థం తల్లి తోడబుట్టిన ఆడమనిషి అని చెప్పి, అందులో "యర్" అంటే చిన్న అన్నారు. మనం చిన్నమ్మ అంటామని నేను చెబితే ఆమె ముఖం విప్పారింది. సోమాలీలో మేనత్తకు "ఎద్దో" అని వేరే మాట ఉంది. గర్భసంచి, రొమ్ము క్యాన్సర్ల విషయంలో తల్లి వైపా తండ్రి వైపా అన్నది మాకు అవసరం. మన భాషలోనూ వారి భాషలోనూ ఉన్న ఆ తేడా మధ్యలో ఇంగ్లీషు "ఆంటీ" దగ్గర చెరిగిపోతోంది.

రెండవది వేళ. సోమాలీలు సంప్రదాయంగా గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు గంటలు వారికి ఒంటిగంట. నేను "రెండింటికి మాత్ర వేసుకోండి" అంటే, సంప్రదాయ లెక్క వాడే పెద్దామె దాన్ని ఉదయం ఎనిమిదింటికి వేసుకోవచ్చు. దుబాసీ ఇది చెప్పినప్పటినుంచి నేను గంటలు చెప్పడం మానేసి, పొద్దుటి నమాజు తరువాత, మధ్యాహ్నం అన్నం తిన్నాక, పడుకునే ముందు అని రాయిస్తున్నాను.

లోపాలు కూడా దాచను. ఉన్నది నలుగురే కాబట్టి అత్యవసర వేళల్లో, ముఖ్యంగా రాత్రి పదకొండు తరువాత, దొరకరు. ఒకసారి వస్తామన్న మనిషి రాలేదు. ఆపరేషన్ థియేటర్ ముందు గంటన్నర నిరీక్షించాము. రాతపని మాటపని అంత పటిష్ఠంగా లేదు. "రోజు విడిచి రోజు" అని నేను రాసినదాన్ని ఒక కాగితంలో "రోజూ" అని మార్చారు, మూడో రోజున మా సిస్టర్ ఫోన్ చేసి మాత్రలు లెక్కపెట్టించడం వల్ల బయటపడింది. అప్పటినుంచి కాగితాన్ని ఒకరు అనువదిస్తే రెండో మనిషి చేత తిరిగి మాకు చదివి వినిపించమంటున్నాము. వారు దానికి అభ్యంతరం చెప్పలేదు, పైగా ఇప్పుడు అన్ని చోట్లా అలాగే చేస్తున్నామని చెప్పారు.

గోప్యత గురించి నాకు మొదట భయం ఉండేది. పారామౌంట్ కాలనీలో అందరికీ అందరూ తెలుసు. గదిలోకి రాగానే రోగులు దుబాసీని అడిగే తొలి ప్రశ్న ఒకటే, నువ్వు ఎవరి కూతురివి, ఏ వంశం దానివి అని. ఈ నలుగురూ జవాబు చెప్పరు. అలా చెప్పకూడదని తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది. ఆ అలవాటు డాక్టర్ హవా దగ్గరినుంచి వచ్చిందా అని స్త్రీ దుబాసీని అడిగాను. ఆమె నవ్వి, "ఆవిడ మా అందరికీ తెలుసు కదా మేడమ్" అన్నారు. ఏడాదిన్నరలో ఒక రోగి మాట మరొకరి దగ్గర వినబడిన సందర్భం నాకు ఎదురు కాలేదు.

మా రోగికి క్యాన్సర్ లేదని తేలింది. గర్భసంచి లోపల పెరిగిన చిన్న కండను తీసేశాము, పదో రోజున ఆమె ఊరికి వెళ్లారు. పరీక్ష బల్ల మీద ఆమె తన మొదటి ప్రశ్న మళ్లీ అడగలేదు. ఊరికి బయలుదేరేముందు దుబాసీ ద్వారా ఒక మాట చెప్పించారు: ఇక్కడ కూడా వివరించి చెప్పుకోవలసి రాలేదని. అది పూర్తిగా నిజం కాదు. ఆమె వివరించారు, మరొక స్త్రీ దాన్ని ఒక్క మాట వదలకుండా మోసుకొచ్చింది.

పిలవదలచినవారు ఒక రోజు ముందుగా చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం మూడు తరువాతే వస్తారు. స్త్రీల ఓపీ అయితే స్త్రీనే పంపాలని ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి. నేనైతే ఆమే కావాలని, ఆమెకు ఆరోగ్యం బాగులేకపోతే మా అపాయింట్‌మెంటే మరో రోజుకు మార్చుకుంటామని చెబుతున్నాను.